చీకటి పడితే చాలు, థ్రిల్లర్ అయిపోతుందా?

తొలిసారి థ్రిల్లర్ తీయబోయే విద్యార్థులు రాసుకున్న మొదటి పేజీ అడిగి చూడండి. రాత్రి. కరెంటు పోయింది. కుక్క ఏడ్చింది. తలుపు కిర్రుమంది. అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. తెర నల్లబడి సినిమా పేరు పడింది. తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, రాయచూరు తాలూకా చంద్రబండలో ఫోను పట్టిన కుర్రాడైనా, హైదరాబాదులో ఫీజు కట్టి ఫిల్మ్ స్కూల్లో చేరిన కుర్రాడైనా రాసేది ఇదే. బ్రిటన్‌లో మన ఇంటర్ ఈడు మీడియా స్టడీస్ పిల్లలకు చాలా ఏళ్లు ఒక ప్రాక్టికల్ ఉండేది. కొత్త సినిమాకు టైటిల్స్‌తో సహా రెండు నిమిషాల్లోపు ప్రారంభం తీసి, ఏం నేర్చుకున్నారో రాసివ్వాలి. మనవాళ్లకూ అంతకన్నా మంచి పాఠం ఉండదు. తక్కువ నిడివిలో తప్పులన్నీ బయటపడతాయి, ఖర్చు కాదు, ఒక సెలవు దినంలో తిరగ తీసుకోవచ్చు. కాకపోతే కెమెరా పట్టకముందే బుర్రలో తిష్ట వేసే కొన్ని నమ్మకాలను వదిలించుకోవాలి.

అపోహ: రాత్రి పూట తీస్తేనే భయం పుడుతుంది

హిచ్‌కాక్ 1959లో తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో అందరికీ గుర్తుండే ఘట్టం పట్టపగలు జరుగుతుంది. నాలుగు వైపులా చదునైన చేలు, మధ్యలో రోడ్డు, ఎవరికోసమో నిలబడ్డ ఒక మనిషి. దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. దూరంగా మందు చల్లే విమానం తిరుగుతుంటుంది, అదే మీదికొస్తుంది. అంత వెలుతురులో, అంత ఖాళీలో మనిషి ఎంత నిస్సహాయుడో చూపించడమే ఆ సన్నివేశం బలం.

చంద్రబండ చుట్టుపక్కల నేల తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పాలి? పత్తి తీసేసిన చేలు, వేసవి మధ్యాహ్నం మనిషి కనపడని మట్టిదారి, బండరాళ్ల గుట్టలు. ఆ దారిలో రెండు ఫర్లాంగుల దూరాన ఒకాయన ఏ పనీ లేకుండా ఇటే చూస్తూ నిలబడ్డాడనుకోండి. గొడుగు లేదు, బండి లేదు. ఎందుకు నిలబడ్డాడన్న ప్రశ్న చూసేవాణ్ణి వదలదు. దీనికి చీకటి ఎందుకు?

పైగా ఫోనుకు చీకటి పడదు. దాని సెన్సర్ చిన్నది. వెలుతురు చాలనప్పుడు అది సున్నితత్వాన్ని పెంచేస్తుంది, దాంతో నల్లగా ఉండాల్సిన చోట రంగుల రవ్వలు తేలుతాయి, ఫోకస్ అటూ ఇటూ తచ్చాడుతుంది. రాత్రే కావాలంటే సూర్యుడు దిగిపోయిన వెంటనే మిగిలే నీలి వెలుగులో తీయండి. తెర మీద అది రాత్రిలా కనిపిస్తుంది, ముఖాలూ కనిపిస్తాయి. ఇంకోటి, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకు వీడియోలో చారలై పాకుతుంది. ఫోనులో ప్రో మోడ్ తెరిచి షట్టర్‌ను 1/50కో 1/100కో కట్టేస్తే పోతుంది. ఎడిటింగ్‌లో వాటిని పోగొట్టడం గగనం.

అపోహ: షాట్లు టకటకా మారితేనే టెన్షన్

ఇది అన్నిటికన్నా మొండి అపోహ. దీనికి విరుగుడు ఒక థ్రిల్లర్ ప్రారంభంలోనే ఉంది: ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’. మొదటి బొమ్మలో రెండు చేతులు ఒక టైంబాంబుకు మూడు నిమిషాల చిల్లర గడువు పెడతాయి. ఆ చేతుల మనిషి దాన్ని ఒక కారు డిక్కీలో పెట్టి పారిపోతాడు. కారు యజమానీ, ఒక అమ్మాయీ వచ్చి బండి ఎక్కుతారు. అక్కణ్ణుంచి కెమెరా గాల్లోకి లేచి, ఇళ్ల కప్పుల మీదుగా కారును వెంబడించి, సరిహద్దు పట్టణపు వీధుల్లోకి దిగుతుంది. మేకలు అడ్డొస్తాయి, పోలీసు చెయ్యెత్తుతాడు, కథానాయకుడూ అతని భార్యా నడుస్తూ కారు పక్కకే వస్తారు, మళ్లీ దూరమవుతారు. మెక్సికో నుంచి అమెరికాలోకి దాటే చెక్‌పోస్టు దగ్గర అందరూ ఆగి కబుర్లాడతారు. మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ లేదు. ఆ తర్వాతే పేలుడు.

ఎందుకు ఊపిరి బిగబట్టి చూస్తాం? డిక్కీలో ఏముందో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. అంతే. బల్ల కింద బాంబు సంగతి ప్రేక్షకుడికి ముందే చెబితే పదిహేను నిమిషాల ఉత్కంఠ, చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు అని హిచ్‌కాక్ చెప్పిన లెక్క కూడా ఇదే. విద్యార్థులు నూటికి తొంభైమంది ఉలికిపాటునే పట్టుకుంటారు. చెయ్యి భుజం మీద పడుతుంది, అమ్మాయి కెవ్వుమంటుంది, తీరా చూస్తే స్నేహితురాలు. నాకైతే అది చూసినప్పుడల్లా విసుగే తప్ప భయం వేయలేదు.

అయితే ‘సైకో’ (1960) స్నానాల గది సంగతేమిటి అంటారు. నిజమే, ఆ ఘట్టానికి వారం రోజులు పట్టింది, 78 కెమెరా సెటప్‌లు, 52 కట్‌లు. కానీ అంతకుముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. డబ్బు కాజేసిన అమ్మాయి కారు నడుపుతూ ఉంటుంది, నల్లకళ్లద్దాల పోలీసు కిటికీలోంచి తొంగి చూస్తాడు, తర్వాత వెనకే వస్తాడు. అక్కడ కోతలు నింపాదిగా పడతాయి. ఆ నింపాది వల్లే తర్వాతి కోతలు కత్తిపోట్లయ్యాయి. మొదటి సెకను నుంచీ నరుకుతూ పోతే చివర నరకడానికి ఏమీ మిగలదు.

ఎడిటర్ వాల్టర్ మర్చ్ కట్ ఎక్కడ వేయాలో తేల్చడానికి ఆరు కొలమానాలు చెప్పి వాటికి శాతాలు ఇచ్చాడు. భావానికి 51, కథకు 23, లయకు 10. కన్ను ఎటు పోతోంది, తెర మీద దిక్కులు కుదిరాయా, స్థలం అతికిందా అన్నవి మిగతా 16లో సర్దుకోవాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఆ 16 కోసం రాత్రంతా మేలుకుని 51ని గాలికి వదిలేస్తారు.

అపోహ: మ్యూజిక్ పడితే సీను అదే లేస్తుంది

వెల్స్ సినిమా దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఆ ఒకే షాటు మీద స్టూడియోవాళ్లు టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పరిచారు. వెల్స్ తన అభ్యంతరాలన్నీ 58 పేజీల లేఖలో రాసిచ్చాడు. నలభై ఏళ్ల తర్వాత, 1998లో, ఆ లేఖను ముందు పెట్టుకుని సినిమాను తిరిగి కూర్చింది కూడా మర్చ్. టైటిల్స్ తీసేశారు, మాన్సినీ సంగీతమూ తీసేశారు. దాని బదులు ఒక్కో హోటల్లోంచి ఒక్కో పాట, జనం మాటలు, బాంబున్న కారు రేడియో. ఆ రేడియో మోత దగ్గరవుతుంటే గుండె బరువెక్కుతుంది, దూరమైతే కాస్త తెరిపినిస్తుంది. బొమ్మ మారలేదు, చెవి మారింది. రెండు రకాలూ వెతికి పక్కపక్కన చూడండి, సౌండ్ గురించి దానికి మించిన క్లాసు లేదు.

వంశీ ‘అన్వేషణ’ (1985)లో కథానాయిక అడవికి వచ్చేదే పక్షుల కూతల మీద పరిశోధనకు. ఇళయరాజా సంగీతం ఎంత గొప్పదైనా, ఆ సినిమాలో అడవి చప్పుళ్లు కూడా కథలో భాగమే. చంద్రబండలో తీసేవాళ్లకు చప్పుళ్లకేం కొదవ? బోరు మోటారు, గుడి మైకు, దూరాన పోయే బస్సు హారను, పక్కింట్లో కన్నడ సీరియల్. ఆ సీరియల్ ఉన్నట్టుండి ఆగిపోతే ఏ వయొలినూ అవసరం లేదు.

షూటింగులో చేయాల్సిన పని చిన్నదే. ప్రతి చోటా అందరినీ నోరు మూయించి అర నిమిషం పాటు ఆ ఖాళీ చప్పుడును రికార్డు చేయండి. డైలాగుల మధ్య అతుకులు కప్పేది అదే. ఇంకో ఫోను నటుడి జేబులో పెట్టి గొంతు విడిగా పట్టండి, మొదట ఒక చప్పట కొడితే తర్వాత రెండూ కలపడం తేలిక. ఫ్యాను కట్టేయండి, చెమట పడితే తుడుచుకోవచ్చు.

ఇదే వరసలో ఇంకో మాట ప్రచారంలో ఉంది, ముప్ఫై సెకన్ల లోపు పాట వాడుకుంటే కాపీరైటు వర్తించదని. మన 1957 కాపీరైటు చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. యూట్యూబ్ యంత్రం అంతకన్నా చిన్న ముక్కనూ గుర్తుపడుతుంది.

అపోహ: ఏం మిగిలినా ఎడిటింగ్‌లో చూసుకుందాం

దీనికి ‘జాస్’ (1975)ను సాక్ష్యం తెస్తారు. యంత్రపు సొరచేప సముద్రపు నీళ్లలో మొరాయించింది, అందుకే గంట దాటేదాకా దాన్ని సరిగా చూపించనే లేదు, ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్‌కు ఆస్కార్ వచ్చింది. అంతా నిజమే. కానీ సొరచేప లేకపోయినా నీటి మట్టం నుంచి చూసే షాట్లు, తేలే పీపాలు, ఒడ్డున మనుషుల ముఖాలు స్పీల్‌బర్గ్ తీసి ఇచ్చాడు. తీయని షాటును వెర్నా ఫీల్డ్స్ అయినా అతికించలేదు. మన దగ్గర వంశీ ‘సితార’కు (1984) ఎడిటింగ్‌లో జాతీయ పురస్కారం అందుకున్న అనిల్ మల్నాడ్ చేతికిచ్చినా అంతే.

కాబట్టి యాక్షన్ చెప్పే ముందు ఐదు సెకన్లు, కట్ చెప్పాక ఐదు సెకన్లు కెమెరా నడవనివ్వండి. ఇద్దరు ఎదురెదురుగా ఉంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకుని ఒకే వైపు నుంచి తీయండి. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనిపించి, వెంటపడేవాడు పారిపోతున్నట్టుంటాడు. చేతులు, చెప్పులు, గడియారం, తాళం కప్ప దగ్గరి నుంచి విడిగా తీసి ఉంచుకోండి, రెండు షాట్లు అతకనప్పుడు అవే ఆదుకుంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టకండి, డావిన్చి రిజాల్వ్ ఉచిత రూపమే ఎక్కువ.

షాట్లు ముందే గీసుకోవాలంటే బొమ్మలు రావంటారు. రాయచూరు కోట గోడలో 1294 నాటి శాసనమున్న నలభై అడుగులకు పైబడిన రాతి పలక ఉంది. దాని పక్కనే, ఆ రాయిని బండి మీద పశువుల వరుసతో లాగించి తెచ్చిన వైనం గీతల్లో చెక్కి ఉంది. అందులో కళాకౌశలం తక్కువే, ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేస్తున్నారో మాత్రం తెలిసిపోతుంది. స్టోరీబోర్డుకు కావాల్సింది అంతే.

అపోహ: మంచి కెమెరా, ఒక డ్రోను ఉంటే వేరే లెవెల్

‘అన్నా, ఒక్క డ్రోన్ షాట్ పడితే...’ అనని కుర్రాడు లేడు. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ (1998) చూడమంటాను. స్నేహితులే నటులు, వాళ్ల ఇళ్లే సెట్లు, ఉన్న వెలుతురే లైటింగు. వారాంతాల్లో తీస్తూ ఏడాది పట్టింది. ఫిల్ము ఖరీదు కాబట్టి ముందు బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. మనకు ఫిల్ము ఖర్చు లేదు కనుక రిహార్సలే మానేశాం. ‘శివ’ (1989) పేరెత్తితే సినిమావాళ్లు కెమెరాను కుదుపు లేకుండా నడిపించే స్టెడీక్యామ్ గురించి మాట్లాడతారు, జనానికి గుర్తున్నది సైకిలు చెయిను.

అపోహ: మన యాసలో థ్రిల్లర్ పండదు

సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఈ బెరుకు మరీ ఎక్కువ. ఇంట్లో ఒక తెలుగు, బడిలో కన్నడ, కెమెరా ముందు మాత్రం డబ్బింగ్ సినిమా భాష. పాత్ర నోట్లో అది పరాయిగా పలుకుతుంది, చూసేవాడు నమ్మడు, నమ్మనివాడు భయపడడు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఆ పేటవాళ్లతోనే, వాళ్ల మాటతోనే తీశారు. కర్ణాటకలో మండ్య జిల్లా పల్లెవాళ్లే నటించిన ‘తిథి’ 2015లో లొకార్నో ఉత్సవంలో రెండు బహుమతులు గెలిచింది. అవి థ్రిల్లర్లు కావు కదా అనొచ్చు. థ్రిల్లర్‌కే ఈ నమ్మకం ఇంకా ఎక్కువ కావాలి. పక్కింటి మనిషిలా మాట్లాడేవాడు అబద్ధం చెబుతున్నాడని తెలిస్తేనే కదా వెన్ను జలదరించేది. సగం వాక్యం తెలుగు, సగం కన్నడ అయితే అలాగే ఉండనివ్వండి, కింద సబ్‌టైటిల్ వేయండి.

అపోహ: మొదటి రెండు నిమిషాల్లో కథంతా తెలియాలి

తెలియాల్సింది ఒక్క ప్రశ్న. చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) మొత్తం ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: ఆ అమ్మాయి జ్ఞాపకంలోంచి మాయమైన రోజున ఏం జరిగింది? హీరో ఎవరు, అతని తండ్రి ఏం చేసేవాడు, విలన్‌కు పగ ఎందుకు, ఇవన్నీ వాయిస్ ఓవర్‌లో కుక్కితే ప్రశ్న చచ్చిపోతుంది. టైటిల్స్ కూడా వృథా స్థలం కాదు. ‘సెవెన్’ (1995)కు కైల్ కూపర్ చేసిన టైటిల్స్‌లో హంతకుడి ముఖం కనపడదు. అతని చేతులు, నోటు పుస్తకాలు, సూది దారం కనిపిస్తాయి, చాలు.

బొమ్మ తుపాకీతో వీధిలోకి దిగే ముందు మాత్రం ఊళ్లో నలుగురికీ, పోలీసు స్టేషన్‌లోనూ ఒక మాట చెప్పండి. కోటల్లాంటి రక్షిత కట్టడాల్లో తీయాలంటే ముందే అనుమతి తీసుకోండి.

కూర్పు అయ్యాక కథ తెలియని ముగ్గుర్ని కూర్చోబెట్టి చూపించండి. మీ అమ్మ, కిరాణా కొట్టు అన్న, ఎవరైనా సరే. పక్కన నిలబడి ‘ఇక్కడ అసలు ఏంటంటే’ అని వివరించకండి. వాళ్లు ఎక్కడ ఫోను వైపు చూశారో ఆ చోటు కాగితం మీద రాసుకుని, వెళ్లి అక్కడ కత్తిరించండి.