ఊళ్లో ఉండేందుకు... అమెరికా పరీక్ష!

‘సెనేటర్లు ఎంతమంది?’
‘వంద.’
‘రాజ్యాంగం ఎప్పుడు రాశారు?’
‘1787.’

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ పాఠం వినిపిస్తే చదువుతున్నది పిల్లలనుకునేరు. ప్రశ్నలడిగేది మనవరాలు, అప్పజెప్పేది నానమ్మ. అరవై అయిదు దాటాక ఈ వయసులో అమెరికా పౌరసత్వం ఎందుకండీ అని అడిగి చూడండి. చాలామంది చెప్పే జవాబు విచిత్రంగా ఉంటుంది. ‘ఊళ్లో నాలుగు రోజులు ఎక్కువ ఉండొచ్చని!’

అందులో తిరకాసేమీ లేదు. కొడుకో కూతురో అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండినవాళ్లయితే అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు అడగొచ్చు. ఏటా ఇన్నే అన్న పరిమితి తల్లిదండ్రులకు లేదు కాబట్టి, అన్నదమ్ముల కేసుల్లా ఏళ్లూ పూళ్లూ ఎదురుచూడక్కర్లేదు. చిక్కు ఆ తర్వాతే. గ్రీన్‌కార్డంటే ‘ఇక్కడే కాపురం ఉంటాం’ అని ఇచ్చిన మాట. ఏడాదికి మించి బయట ఉండిపోతే తిరిగి రానివ్వకపోవచ్చు. ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకున్నా మామూలుగా రెండేళ్లే గడువు. కౌలు లెక్కలు తేలక, ఇంటి రిపేరు పూర్తికాక, చెల్లెలి కూతురి పెళ్లి ముహూర్తం వెనక్కి జరిగినా సరే, క్యాలెండరు చూసుకుని విమానం ఎక్కాల్సిందే. పౌరులైపోతే ఆ లెక్క ఉండదు.

కాకపోతే ఆ స్వేచ్ఛ కోసం ముందు అయిదేళ్లపాటు ఊరిని తగ్గించుకోవాలి. గ్రీన్‌కార్డు వచ్చిన అయిదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు. ఆ అయిదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. ఒక ప్రయాణం ఆరు నెలలు దాటితే ‘ఎందుకున్నారు?’ అని ఆరా తీస్తారు. ఏడాది దాటితే మళ్లీ మొదటికొచ్చినట్టే. 2024 ఏప్రిల్‌లో మారిన ఫీజుల ప్రకారం దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో అయితే 710 డాలర్లు, కాగితం మీద అయితే 760.

ఇక పరీక్ష. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు కొత్త పద్ధతి పెట్టారు. అంతకుముందు వంద ప్రశ్నల్లోంచి పది అడిగేవారు, ఆరు చెబితే గట్టెక్కినట్టే. ఇప్పుడు 128 ప్రశ్నల్లోంచి ఇరవై వరకూ అడుగుతారు, పన్నెండు చెప్పాలి. ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే ముందుగా ఇచ్చేస్తుంది. విష్ణు సహస్రనామం కంఠతా వచ్చిన మన పెద్దవాళ్లకు ఈ 128 ఓ లెక్కా!

కష్టమంతా ఇంగ్లిషుతోనే. యాభై అయిదేళ్లు దాటినవాళ్లు తమ భాషలోనే పరీక్ష ఇవ్వొచ్చని విని చాలామంది ఊరట పడతారు. కానీ ఆ మినహాయింపు గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్లు గడిపినవాళ్లకు. యాభై దాటినవాళ్లయితే ఇరవై ఏళ్లు గడిపి ఉండాలి. అరవై రెండో ఏట అమెరికా వెళ్లి అరవై ఏడో ఏట దరఖాస్తు పెట్టిన అమ్మకు అది వర్తించదు. వయసు మీదపడిందనో, చదువుకోలేదనో చెబితే సరిపోదు. జబ్బు వల్ల నేర్చుకోలేని స్థితి ఉంటే, డాక్టరు సర్టిఫై చేయాలి. మిగిలినవాళ్లంతా ఇంగ్లిషులో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి. ఒక్కోదానికి మూడు అవకాశాలిస్తారు. ‘వాషింగ్టన్ వాజ్ ద ఫస్ట్ ప్రెసిడెంట్’ తరహా వాక్యాలవి. స్పెల్లింగు కాస్త అటూఇటూ అయినా అర్థం చెడకపోతే చాలు. ఎప్పుడో అయిదో తరగతిలో పలకా బలపం వదిలేసిన చేతికి ఆ ఒక్క వాక్యమే కొండంత. తప్పితే 60 నుంచి 90 రోజుల్లోపు ఇంకో అవకాశం ఉంటుంది.

ఎప్పుడైనా..?

ఇంటర్వ్యూ గదిలోకి మామూలుగా కొడుకును రానివ్వరు. ఆఫీసరు కుడిచెయ్యి ఎత్తించి నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. తర్వాత దరఖాస్తు తిరగేస్తూ ప్రశ్నలు. ఫలానా ఏడాది ఇండియా ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడొచ్చారు... మాట్లాడే ఇంగ్లిషుకు పరీక్ష ఇదే. వేరే ఏమీ ఉండదు.

ఆ దరఖాస్తులో ‘మీరు ఎప్పుడైనా’ అంటూ మొదలయ్యే ప్రశ్నల చిట్టా ఒకటుంది. ఒకేసారి ఇద్దరితో పెళ్లి బంధంలో ఉన్నారా? చట్టవిరుద్ధంగా జూదమాడారా? (గోదావరి జిల్లాల తాతయ్యలకు సంక్రాంతి బరులు గుర్తుకు రాక మానవు!) ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వం గానీ సంబంధం గానీ ఉందా? ఖమ్మం, నల్గొండ, కృష్ణా జిల్లాల్లో ఎర్రజెండా పట్టిన ఇళ్లెన్నో. అలాంటి ఇంటి పెద్దాయనకు ఈ ప్రశ్న నవ్వులాట కాదు. చట్టం ముఖ్యంగా చూసేది దరఖాస్తుకు ముందు పదేళ్ల సభ్యత్వాన్ని. కానీ ప్రశ్నలో ఉన్నది ‘ఎప్పుడైనా’. ప్రమాణం చేసి అబద్ధం చెబితే ఆ అబద్ధమే పౌరసత్వానికి అడ్డం పడుతుంది. ఇలాంటి గతం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ముందే మాట్లాడుకోవడం మేలు.

పిల్లలేమో హడావుడిలో ఒకటే మంత్రం నేర్పుతారు: ‘ఏమడిగినా నో అనమ్మా.’ అక్కడే దెబ్బతింటారు. చిట్టా చివర్లో ప్రశ్నల తీరు మారిపోతుంది. ‘అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తారా?’ దానికీ అలవాటుగా ‘నో’ అనేస్తే! ‘చట్టం కోరితే దేశం కోసం ఆయుధం పడతారా?’ అని కూడా అడుగుతారు. బొద్దింకను చూసి మంచమెక్కే మామ్మగారైనా దానికి ‘యెస్’ అనాలి. మత విశ్వాసం అడ్డొస్తే మినహాయింపు కోరాలి. ముందు ప్రశ్న అర్థం కావాలి కదా! జవాబులు బట్టీ పట్టించడం కన్నా, రోజుకు నాలుగు ప్రశ్నల చొప్పున తెలుగులో విడమరిచి చెబితే ఎంతో నయం.

అసలు ఈ పరీక్షకు కూర్చునే అర్హతే ఒకప్పుడు మనవాళ్లకు లేదు. భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ దేశంలో అడుగుపెట్టింది ఆ రోజుల్లోనే. 1946లో చట్టం మారి భారతీయులకు దారి తెరుచుకుంది. బోదకాలుకు వాడే మందును ప్రపంచానికి అందించిన ఆ శాస్త్రవేత్త 1948లో కన్నుమూసేనాటికీ అమెరికా పౌరుడు కాలేదు.

ప్రమాణం తర్వాత...

పాసయ్యాక ప్రమాణ స్వీకారం. ఆ రోజు గ్రీన్‌కార్డు తీసేసుకుని సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆ క్షణం నుంచి భారత పౌరసత్వం ఉండదు. ఇంకో దేశ పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా తీసుకుంటే మనది పోతుందని మన 1955 చట్టం చెబుతోంది. భారత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. పాతదే కదా అని దాంతో ప్రయాణం చేయకూడదు. ఆ తర్వాత ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించిన పథకమిది. ఆ కార్డుంటే వీసా గొడవ లేకుండా ఎన్నిసార్లయినా రావొచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. అంటే, అనుకున్న పని అయినట్టే.

అయితే సర్పంచి ఎన్నికల రోజు ఊళ్లోనే ఉన్నా ఓటు వేయలేరు. పొలం సంగతి ఇంకా ముందే తెలుసుకోవాలి. ఇక్కడ ఉన్నప్పుడు కొన్నదీ, వారసత్వంగా వచ్చిందీ ఎక్కడికీ పోదు. కానీ అమ్మాలంటే భారత్‌లో నివసించే భారత పౌరులకే అమ్మాలి. కొత్తగా సాగుభూమి కొనడానికి వీల్లేదు. గట్టు పక్క ఎకరం బేరానికొచ్చిందని తమ్ముడు ఫోన్ చేస్తే ‘మాకు కుదరదురా, నువ్వే చూసుకో’ అనాల్సిందే.