కూలి ఇచ్చాకే కానుక

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. అమెరికా చర్చిల్లో బలిపీఠం పక్కన పచ్చటి కొమ్మలతో అల్లిన వలయం పెడతారు. దాని చుట్టూ మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒక గులాబీరంగు కొవ్వొత్తి. వారానికొకటి వెలిగిస్తారు. మధ్యలో ఉన్న తెల్ల కొవ్వొత్తికి పండుగ రోజునే వెలుగు. గుంటూరు లూథరన్ చర్చిల్లోనో, సీఎస్ఐ చర్చిల్లోనో, కతోలిక దేవాలయాల్లోనో పెరిగినవాళ్లకు ఈ ఆగమన కాలం కొత్తేమీ కాదు.

సరిగ్గా ఈ వారాల్లోనే దక్షిణ ఫ్లోరిడాలో టమాటా కోతలు జోరందుకుంటాయి. ఉత్తరాది రాష్ట్రాలు మంచులో ఉన్నప్పుడు అమెరికాలో పండే తాజా టమాటాలో చాలా భాగం ఇక్కడి నుంచే వెళ్లాలి. నేపుల్స్ అనే సంపన్నుల తీరపట్టణానికి దగ్గర్లోనే ఉండే ఇమ్మాకలీ ఈ పంటకు కూలీల ఊరు. మెక్సికో, గ్వాటెమాలా, హైతీ నుంచి వచ్చినవాళ్లు తెల్లవారకముందే బస్సులు ఆగే చోట గుమికూడతారు. పని దొరికినవాళ్లు బస్సెక్కుతారు, దొరకనివాళ్లు ఇరుకు ట్రైలర్ ఇళ్లకు తిరిగి వెళ్తారు.

చర్చిలో కొవ్వొత్తులు వెలిగించేవారికీ, తోటలో బకెట్ మోసేవారికీ మధ్య పాతికేళ్లకు పైగా నడుస్తున్న ఒక బంధం గురించే ఈ కథనం. అది దయతో మొదలైన బంధమే అయినా దయ దగ్గరే ఆగిపోలేదు. అందుకే మనవాళ్లు కూడా తెలుసుకోవాలి.

చెట్టుకు వేలాడే చీటీలు

ఆగమన కాలంలో అమెరికా చర్చిలు ఊరికే ఉండవు. వరండాలో ఒక చెట్టు నిలబెట్టి దానికి కాగితం చీటీలు కడతారు. ఒక్కో చీటీలో ఒక పిల్లవాడి వయసు, చొక్కా కొలత, బూట్ల సైజు ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. ఎవరికి తోచిన చీటీ వాళ్లు తీసుకెళ్లి, ఆ వస్తువు కొని, వచ్చే ఆదివారం చెట్టు కింద పెడతారు. కొన్ని ఇళ్లలో ఇంకో పద్ధతి ఉంది. డిసెంబరులో పిల్లలు కేలండర్ గడి తెరిచి రోజుకో చాక్లెట్ తీసుకోవడం అక్కడ మామూలు. దాన్ని తిరగేసి రోజుకో వస్తువు పెట్టెలో వేస్తారు. ఒకరోజు చిక్కుడు గింజల డబ్బా, ఒకరోజు బియ్యం, ఒకరోజు సబ్బు. నెలాఖరుకు ఆ పెట్టె ఫుడ్ బ్యాంకుకు చేరుతుంది.

ఈ ఇవ్వడంలోనూ ఆలోచించినవాళ్లున్నారు. బ్రెదరన్ చర్చికి చెందిన డాన్ వెస్ట్ అనే రైతు 1930ల చివర్లో స్పెయిన్ అంతర్యుద్ధపు బాధితులకు పాలు పంచుతూ, ఈ గ్లాసుడు పాలు రేపటికి ఉండవు కదా, ఆవునే ఇస్తే పోలా అనుకున్నాడు. ఆ ఆలోచనే 1944లో ప్యుయెర్టో రికోకు పెయ్యలను పంపింది. ఇప్పటికీ ఆగమన కాలంలో ఎన్నో సంఘాలు ఒక మేకకో, కోళ్ల గుంపుకో డబ్బు కట్టి, తమవాళ్లకు కానుకగా ఆ రశీదు ఇస్తుంటాయి.

ఇమ్మాకలీ కూలీలు ఆ ఆలోచనను ఇంకో అడుగు ముందుకు తోశారు. చర్చి పంపిన ఆహారపు పెట్టె ఏ ఇంటికి చేరుతోంది? చాలాసార్లు, దేశానికి తిండి కోసి పెట్టే మనిషి ఇంటికే. పొద్దస్తమానం కూరగాయలు కోసేవాడు కూరగాయలకు చేయి చాచాల్సి వస్తే, తప్పు అతని కూలిలో ఉన్నట్టు. కూలి సంగతి ఎవరు చూడాలి?

బకెట్ లెక్క

పచ్చి టమాటా బకెట్ నిండితే 32 పౌన్లు, అంటే పద్నాలుగున్నర కిలోలు. దాన్ని భుజానికెత్తుకుని చాళ్ల మధ్య పరుగెత్తి లారీ మీదకు విసరాలి. అప్పట్లో బకెట్‌కు దక్కింది దాదాపు అర డాలరు. కనీస వేతనమంత సంపాదించాలంటే రోజుకు 125 బకెట్లకు పైగా కోయాల్సి వచ్చేది, అంటే సుమారు 1,800 కిలోలు. దీనికి తోడు బకెట్ అంచుకు సమంగా నిండితే మేస్త్రీలు ఒప్పుకునేవారు కాదు, పైన గోపురంలా పేర్చాలి. ఆ పై టమాటాలకు పైసా లేదు. పదో వంతు శ్రమ అలా ఊరికే పోయేది.

చట్టం కూడా వాళ్ల పక్షాన లేదు. సంఘం పెట్టుకునే హక్కును కాపాడిన 1935 నాటి అమెరికా చట్టం వ్యవసాయ కూలీలను పక్కన పెట్టింది. కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇచ్చిన 1938 చట్టమూ అంతే. దక్షిణాది భూస్వాముల ఒత్తిడి, పొలాల్లో పనిచేసే నల్లజాతివారిపై వివక్ష దీని వెనక ఉన్నాయి. కనీస వేతనం కొంతవరకైనా పొలాలకు చేరడానికి 1966 దాకా పట్టింది.

1993లో కొందరు కూలీలు ఇమ్మాకలీలోని కతోలిక చర్చి ఇచ్చిన ఒక గదిలో వారం వారం కూర్చోవడం మొదలుపెట్టారు. అదే ఇమ్మాకలీ కార్మికుల కూటమి. 1996లో ఒక కుర్రాడు పొలంలో మంచినీళ్లు తాగడానికి ఆగాడని మేస్త్రీ చావబాదాడు. నెత్తురంటిన చొక్కాతోనే ఆ పిల్లవాడు కూటమి ఆఫీసుకు వచ్చాడు. ఆ రాత్రి వందలాది మంది ఆ చొక్కానే జెండాగా పట్టుకుని మేస్త్రీ ఇంటికి ఊరేగింపుగా వెళ్లారు. ఇక మీదట ఎవరినైనా కొడితే అందరినీ కొట్టినట్టే అని చెప్పి వచ్చారు. మర్నాడు అతని బస్సు ఎవరూ ఎక్కలేదు.

1997 డిసెంబరులో, ఊరంతా క్రిస్మస్‌కు సిద్ధమవుతుండగా, ఆరుగురు కూలీలు నిరాహార దీక్షకు దిగారు. నెల రోజులు సాగింది. అడిగింది ఒక్కటే, తోటల యజమానులు తమతో కూర్చుని మాట్లాడాలని. ట్రాక్టర్ వచ్చి రైతుకు వ్యవసాయం ఎలా చేయాలో చెప్పదు కదా అని ఒక యజమాని తేల్చేశాడట. తమను మనుషుల లెక్కలోనే వేయట్లేదని కూలీలకు అంతకన్నా స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు.

కూలి కొద్దిగా పెరిగింది గానీ చర్చలు జరగలేదు. అప్పుడు కూటమి వ్యాపారం ఎలా నడుస్తోందో లోతుగా చూసింది. తోట యజమానిని పిండుతున్నది అతని పైనున్న కొనుగోలుదారు. టన్నులకొద్దీ టమాటా కొనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థలు, సూపర్‌మార్కెట్లు ధర తగ్గించమని ఒత్తిడి చేస్తే, యజమాని తగ్గించగలిగేది కూలి ఒక్కటే. కాబట్టి మాట్లాడాల్సింది కొనేవాళ్లతో. 2001లో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థను బహిష్కరించమని కూటమి పిలుపునిచ్చింది. పౌనుకు ఒక్క సెంటు ఎక్కువివ్వండి, ఆ సెంటు కోసినవాడి చేతికి చేర్చండి, కూలీలను హింసించే తోటల్లో కొనకండి అని అడిగింది.

కొనేవాళ్లు బెంచీల మీదే ఉన్నారు

ఇక్కడ చర్చిలు కదిలాయి. ఆదివారం బెంచీల మీద కూర్చున్నవాళ్లే సోమవారం టాకో బెల్‌లో తింటారు, మంగళవారం సూపర్‌మార్కెట్‌కు వెళతారు. కూలీలు ఊరూరా బస్సుల్లో తిరుగుతూ చర్చి హాళ్ల నేల మీద పడుకున్నారు, ఆ సంఘాలవాళ్లు వండిపెట్టింది తిన్నారు, ఆరాధన తర్వాత నిలబడి తమ బతుకు చెప్పారు. 2002లో ప్రెస్బిటేరియన్ చర్చి జాతీయ మహాసభ బహిష్కరణకు మద్దతు ప్రకటించింది. టాకో బెల్ మాతృసంస్థ యమ్ బ్రాండ్స్‌కూ, ఆ చర్చికీ ప్రధాన కార్యాలయాలు ఒకే ఊళ్లో, కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో ఉన్నాయి. నిరసన ఎక్కడో పరాయి ఊరి నుంచి రాలేదు, ఇరుగుపొరుగు నుంచే వచ్చింది. 2005 మార్చిలో యమ్ ఒప్పుకుంది. 2007లో మెక్‌డొనాల్డ్స్ దారికొచ్చింది.

2007 నవంబరు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఆ నెలలో ఇమ్మాకలీలో కొందరు కూలీలు తమను బంధించిన లారీ పెట్టె పైకప్పు సందులోంచి తప్పించుకుని బయటపడ్డారు. వాళ్లను అప్పుల పేరుతో కట్టిపడేసి, కొట్టి, రాత్రిళ్లు తాళం వేసి పనిచేయించుకున్నారు. అదే నెల 30న, ఆగమన కాలపు తొలి ఆదివారానికి రెండు రోజుల ముందు, కూలీలు, వాళ్లతో పాటు చర్చిలవాళ్లు మయామీలో బర్గర్ కింగ్ ప్రధాన కార్యాలయం దాకా తొమ్మిది మైళ్లు నడిచారు. 2008 మేలో ఆ సంస్థ సంతకం పెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో బానిస కేసులో అసలు దోషులైన ఇద్దరు అన్నదమ్ములకు చెరో పన్నెండేళ్ల శిక్ష పడింది. ఇరవయ్యొకటో శతాబ్దపు అమెరికాలో, మన సలాడ్ పళ్లెంలోకి వచ్చే టమాటా వెనక జరిగిన కథ ఇది.

2010 నవంబరులో ఫ్లోరిడా టమాటా రైతుల సమాఖ్య కూటమితో ఒప్పందానికి వచ్చింది. మరుసటి ఏడు ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్ రాష్ట్రమంతా అమల్లోకి వచ్చింది. అదనపు సెంటు కూలీ జీతం చీటీలో విడిగా కనిపించాలి. పనివేళ గడియారంలో నమోదు కావాలి. పొలంలో నీడ, నీళ్లు ఉండాలి. బకెట్ మీద గోపురం పేర్చడం రద్దు. రోజంతా పనిచేసే ఫిర్యాదుల ఫోన్ ఉంది. వెట్టి, లైంగిక దాడి బయటపడితే ఆ తోట టమాటాను ఒప్పందంలో ఉన్న సంస్థలు కొనకూడదు. అసలు బలమంతా ఈ ఆఖరి నిబంధనలోనే ఉంది. పర్యవేక్షణకు వేరే సంస్థ ఉంది. దాన్ని నడిపించింది న్యూయార్క్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన లారా సాఫర్ ఎస్పినోజా. కొనే సంస్థల్లో ట్రేడర్ జోస్, చిపోట్లే, 2014లో వాల్‌మార్ట్ ఈ ప్రోగ్రామ్‌లో చేరాయి. మొదటి ఏడెనిమిదేళ్లలోనే కూలీలకు చేరిన అదనపు సొమ్ము కోట్ల డాలర్లు.

పని అయిపోలేదు. వెండీస్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ, పబ్లిక్స్, క్రోగర్ అనే సూపర్‌మార్కెట్లు ఏళ్ల తరబడి దూరంగానే ఉంటూ వచ్చాయి. ఎండ నుంచి కూలీలను కాపాడే నిబంధనలు స్థానిక ప్రభుత్వాలు పెట్టకుండా ఫ్లోరిడా 2024లో చట్టమే చేసింది. ఒప్పందంలో ఉన్న తోటల్లో ఎండాకాలం రెండు గంటలకోసారి విశ్రాంతి తప్పనిసరి, పక్క తోటలో ఆ దిక్కు లేదు.

మూడో ఆదివారం పాఠం

ఆగమన కాలం మూడో ఆదివారానికి మూడేళ్ల పాఠాల వరుసలో ఒక ఏడాది యాకోబు పత్రిక నుంచి పాఠం చదువుతారు. వాన కోసం ఓపిక పట్టే రైతులా ఎదురుచూడమని చెప్పే భాగం. పాఠం ఐదో అధ్యాయం ఏడో వచనం దగ్గర మొదలవుతుంది. మూడు వచనాలు వెనక్కు వెళితే, పంట కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుడి చెవిన పడేలా కేక పెడుతోందని ఉంది. ఆ వచనం ఆ రోజు పాఠంలోకి రాదు. ఓపిక మాట మాత్రమే వినబడి, కూలి మాట వినబడకపోతే ఆ పాఠం సగమే చదివినట్టు. ఇంకో ఏడాది అదే ఆదివారం బాప్తిస్మమిచ్చే యోహాను వస్తాడు. రెండు అంగీలున్నవాడు ఒకటివ్వాలంటాడు. ఆ వెంటనే పన్ను వసూలు చేసేవాళ్లకు ఎక్కువ గుంజవద్దనీ, సైనికులకు జనాన్ని బెదిరించి దోచుకోవద్దనీ చెబుతాడు. అంగీ ఇవ్వడం, దోచకపోవడం ఆయనకు ఒకే ఊపిరిలో వచ్చాయి. చెట్టుకు కట్టిన చీటీలు తీసేయాలని నేను అనను. ఈ చలికి ఆ పిల్లవాడికి బూట్లు కావాలి. అతని తండ్రి కూలి పెరిగే దాకా కాళ్లు ఆగవు. అయితే బూట్లు కొన్న చేత్తోనే కూలి గురించి ఒక ఉత్తరం కూడా రాయాలి.

మన నేల మీదా ఈ చరిత్ర ఉంది. అమెరికా చర్చిల చందాలతో 1865లో తెలుగుదేశానికి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. ధాత కరువులో జనం పిట్టల్లా రాలుతుంటే, సర్వే పని తెలిసిన ఆ మనిషి బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెల వాళ్లకు పని, రోజుకూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కుటుంబాలు తర్వాత అడిగిన ఒక హక్కు, ఆదివారం పొలం పని మానేయడం. వారానికో రోజు సెలవు అడిగినందుకు భూస్వాములు బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు మాన్పించారు. తెలుగు చర్చి తొలి అడుగుల్లోనే వ్యవసాయ కూలీ హక్కు ఉందని మన క్రిస్మస్ ప్రసంగాల్లో ఎంతమంది చెబుతున్నారు?

ఇప్పుడు డిసెంబరు అంటే కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతలు, నూర్పిళ్లు. గుంటూరు వైపు, తెలంగాణలో పత్తి ఏరడం, చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. క్యారల్స్ పాడుకుంటూ రాత్రంతా తిరిగిన ఆడవాళ్లలో చాలామంది తెల్లారేసరికి చేనులో ఉంటారు. ఇమ్మాకలీలో కొనేవాళ్లూ కోసేవాళ్లూ వేరు వేరు. మన పల్లె చర్చిలో కానుక వేసే చెయ్యే చాలాసార్లు పత్తి ఏరిన చెయ్యి. కాబట్టి తూకం ఎవరు వేస్తున్నారు, ఆడకూలికీ మగకూలికీ తేడా ఎందుకు, చేలో నీడ, మంచినీళ్లు ఉన్నాయా అన్న ప్రశ్నలను సంఘ పెద్దలు ఆగమన ఆదివారాల్లోనే చర్చకు పెట్టవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అట్లాంటాలోనో, డాలస్‌లోనో తెలుగు ఆరాధనకు వెళ్లేవాళ్లకు పని ఇంకా దగ్గర్లో ఉంది. పప్పులోకి టమాటా కొనేది క్రోగర్ లాంటి ఆ సూపర్‌మార్కెట్లలోనే. ఇమ్మాకలీ కూటమికి తోడుగా నిలిచిన సంఘాలు స్టోర్ మేనేజర్‌కు ఉత్తరం ఇవ్వడం ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాయి. ఉత్తరం చిన్నది. నేను మీ దగ్గర కొంటుంటాను, మీ సంస్థ ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్‌లో చేరాలి, ఈ మాట మీ పైవాళ్లకు చేర్చండి అని రాస్తే చాలు. ఆరాధన అయ్యాక పదిమంది కలిసి వెళ్లి ఇస్తే మేనేజర్ దాన్ని పక్కన పడేయడం కష్టం.