రచయిత్రి చిత్తరువు

చిత్తరువు మనిషిని పోలియుండవలెనని పండితులును పామరులును ఒక్కమాటగా చెప్పుదురు. ఈ నమ్మికను పరీక్షకు పెట్టిన పటమొకటి గలదు. స్పెయిన్ దేశీయుడైన పికాసో 1905-06లో పారిస్ నగరమున గెర్ట్రూడ్ స్టైన్ అను అమెరికా రచయిత్రిని చిత్రించెను. ఎనుబది తొంబది మారులు ఆతని యెదుట కూర్చుంటినని ఆమెయే తరువాత వ్రాసినది. అయినను ముఖము కుదురలేదు. చిత్రకారుడు విసిగి ఆ ముఖమును తుడిచివైచి స్వదేశమునకు పోయెను. మరలివచ్చి, ఆమె యెదుట లేకయే, రాతివిగ్రహమువంటి క్రొత్త ముఖమును వ్రాసెను. పోలిక లేదన్నవారికి, మున్ముందు ఆమెయే దీనిని పోలునని బదులు చెప్పెనట! ఆమె దానిని కడవరకు తనయొద్ద నుంచుకొని, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమునకు మరణశాసనమున వ్రాసి, 1946లో గతించినది.

అందు సౌందర్యప్రదర్శనము లేదు. గోధుమవన్నె దుస్తులతో, చేతులు తొడలపై నూని, ముందునకు వంగి యోచించు మనిషి గలదు. అప్పటి కామె గ్రంథమొక్కటియు అచ్చుకాలేదు. మొదటిది వెలువడినది 1909లో. కీర్తికంటె ముందే బుద్ధికి పటము గట్టిరి.

ఆమె పుట్టిన 1874లోనే, పల్నాటికి కృష్ణ యావలనున్న పెనుగంచిప్రోలున భండారు అచ్చమాంబ జన్మించినది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు తోడ్పాటున చదువు నేర్చి, స్త్రీలు బుద్ధిహీనులను వాదమును ఖండించుటకై భారతవనితల చరిత్రలను కూర్చి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను ప్రకటించినది. 1905లో, ముప్పదియేండ్లకే కన్నుమూసినది. పారిస్‌లో ఆ పటమునకు శ్రీకారము చుట్టిన యేడే!

నరసరావుపేట, గురజాల, మాచర్లల సభామందిరములలో నాయకుల పటములను, దాతల పటములను జూచితిమి. రచయిత్రి పటమును జూచిన జ్ఞాపకము మాకు లేదు. ఇతర స్త్రీల కీర్తిని నిలిపిన యామెకు మన గోడలపై జానెడు చోటు లేదా? నిందించుచునైనను నాయకురాలు నాగమ్మ మంత్రాంగమును నేటికిని మరువని సీమ యిది. కలము పట్టిన స్త్రీని మరచుట దీనికి తగునా?

2022లో జిల్లాకేంద్రమైన నరసరావుపేట గ్రంథాలయమున అచ్చమాంబ చిత్తరువు నొకదానిని నిలుపుడని భూస్వాములను, పురప్రముఖులను కోరుచున్నాము. పెండ్లిపందిళ్ల దీపములకగు వ్యయములో నాలవపాలు దీనికి చాలును. అయితే చిత్రకారునికి ఫోటో నొసగి అచ్చముగా దింపుమనకుడు. చీర యంచునుగూర్చి తగవులాడకుడు. ఆమె గ్రంథమును చేతికిచ్చి, ముందు చదువుమనుడు.