పాపాయి దుప్పట్లో గళ్ళ లెక్క

క్రోషే అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది అమ్మమ్మ వాళ్ళింట్లో టీవీ మీద పరిచిన తెల్లటి లేసు గుడ్డ. అదే కొక్కెం సూదిలో కాస్త లావుది తీసుకుంటే చంటిపిల్లలకి మెత్తటి దుప్పటి కూడా అల్లొచ్చు. అక్కకో వదినకో నెలలు నిండుతున్నాయంటే హాస్టల్ మంచం మీద కూర్చునే చేయగలిగిన బహుమతి ఇది. సెమిస్టర్ మధ్యలో మొదలుపెట్టినా ఫర్వాలేదు. నిట్టింగ్‌లో వరుస మొత్తం లూపులు సూది మీదే ఉంటాయి, ఒకటి జారిందంటే కిందిదాకా ఊడుతుంది. క్రోషేలో కుట్టు పూర్తయ్యాక తెరిచి ఉండే లూపు ఒక్కటే. దానికో పిన్నీసు పెట్టి, మిడ్ పరీక్షలు రాసొచ్చి, మళ్ళీ అక్కడినుంచే అందుకోవచ్చు.

డిజైన్ ఎంచుకునేటప్పుడే జాగ్రత్త కావాలి. ఫొటోలో బావుండేది పాపాయికి బావుండాలని రూలేం లేదు. లేసులాంటి అల్లికలో పెద్ద కన్నాలుంటాయి, చిట్టి వేళ్ళు అందులో ఇరుక్కుంటాయి. మన చిటికెనవేలు దూరిందంటే ఆ డిజైన్ వదిలేయడమే. బుడిపెలు బుడిపెలుగా ఉండే బాబుల్ కుట్టు ముద్దొస్తుంది కానీ, దానిమీద పడుకునేవాళ్ళకి ఒత్తుకుంటుంది, దారమూ బాగా తింటుంది. నా ఓటు వాఫిల్ కుట్టుకి. ఒకవైపు లోతైన చిన్న చిన్న గళ్ళు, రెండోవైపు దాదాపు నునుపు.

ఆ గళ్ళు ఎలా వస్తాయన్నదే ఇందులో అసలు మజా. దీనికి డబుల్ క్రోషే ఒక్కటి వస్తే చాలు. సూది మీద దారం ఓసారి చుట్టి, కింది కుట్టులోకి గుచ్చి, దారం లాగితే మూడు లూపులవుతాయి. వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు విడిపించాలి, అంతే. (బ్రిటన్ వాళ్ళు దీన్నే ట్రెబుల్ అంటారు. వీడియో ఏ దేశానిదో చూసుకోకపోతే దుప్పటి ఇంకేదో అవుతుంది.) ప్రతి కుట్టుకీ పైన జడలాంటి తల, కింద నిలువు కాడ ఉంటాయి. మామూలుగా సూదిని తలలోకి గుచ్చుతాం. అలా కాకుండా కాడ చుట్టూ, ముందునుంచి వెనక్కి పోనిచ్చి మళ్ళీ ముందుకి తెస్తే, కాడ మనవైపు ఉబికి వస్తుంది. అది నిలువు గీత. తర్వాతి వరుసలో దుప్పటి తిప్పి పట్టుకుని ఇదే పని చేస్తే, ఆ కుట్ల తలలు అవతలివైపుకి తోసుకెళ్ళి అడ్డగీతలా నిలబడతాయి. నిలువు, అడ్డం కలిస్తే గడి. కొత్త కుట్టేం లేదు, సూది దూరే చోటు మారిందంతే.

గళ్ళు సరిపోవాలంటే కుట్ల సంఖ్య మూడుతో భాగించబడాలి. గొలుసు మాత్రం దానికి రెండు ఎక్కువ వేసుకోవాలి. మొదటి వరుస, సూది నుంచి నాలుగో గొలుసులో మొదలుపెట్టి అన్నీ డబుల్ క్రోషే. రెండో వరుసకి మూడు గొలుసులు వేసి (అదే మొదటి కుట్టు), ఒకటి కాడ చుట్టూ, రెండు మామూలుగా, ఇలా వెళ్తూ చివర ఒకటి కాడ చుట్టూ, ఒకటి మామూలుగా. మూడో వరుసలో తిరగేయాలి: మూడు గొలుసులు, ఒకటి మామూలుగా, ఆపైన రెండు కాడల చుట్టూ, ఒకటి మామూలుగా అనుకుంటూ వెళ్ళి, ఆఖరి కుట్టు కూడా మామూలుగానే. ఇక రెండూ మూడూ మార్చి మార్చి.

ముందుగా ఓ చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. కాటన్ ఉతికితే కాస్త ముడుచుకుంటుంది. 10 సెంటీమీటర్లకి 15 కుట్లు, 10 వరుసలు వచ్చాయనుకుందాం. 75 సెంటీమీటర్ల దుప్పటికి 112.5 కుట్లు. మూడుతో పోయే 114 తీసుకుంటే గొలుసులు 116. వరుసలు 75. మొత్తం 8,550 కుట్లు. నిమిషానికి 12 వేసినా దాదాపు 12 గంటలు ఆగకుండా అల్లాలి!

ఈ లెక్క తెలిశాక ఎవరైనా అల్లిక అమ్ముతుంటే బేరమాడటానికి నోరు రాదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా ఈ సూదితోనే లేసు అల్లుతున్నారు. ఇంట్లో కూర్చున్నవాళ్ళ కాలక్షేపం అన్న పేరుతో ఆ కష్టానికి ఎంత తక్కువ కూలి కట్టారో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లోనే పుస్తకం రాసింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

దారం విషయానికొస్తే, మన ఎండలకి నూలే మేలు. యాక్రిలిక్ ఊలు తేలిక, చవక, కానీ ఉక్కపోస్తుంది, నిప్పు తగిలితే కరిగి అంటుకుంటుంది. ఏసీ ఇళ్ళకి, చలి దేశాల్లో ఉన్న అక్కలకి అయితే ఓకే. నురుగు నురుగుగా రాలే దారం, పూసలు, పాంపామ్‌లు మాత్రం వద్దు, అవి నేరుగా నోట్లోకే వెళ్తాయి. దారం అయిపోతే ముడి వేసి కత్తిరించకండి. 15 సెంటీమీటర్లు వదిలి, పెద్ద కన్నం సూదితో అటూ ఇటూ మూడుసార్లు కుట్లలోకి దూర్చేయండి.

అంచు వేసేటప్పుడు ప్రతి మూలలో మూడు కుట్లు. తగ్గితే దుప్పటి గిన్నెలా ముడుచుకుంటుంది, అంతటా ఎక్కువైతే కుచ్చిళ్ళు పడుతుంది. ఆ కుచ్చిళ్ళనే వాడుకుని 1997లో డైనా తైమిన్యా అనే గణితవేత్త హైపర్‌బోలిక్ తలాన్ని క్రోషేలో అల్లి చూపించింది. మనకి మాత్రం యూక్లిడ్ చాలు.

ఇచ్చేటప్పుడు అక్కకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏడాదిలోపు పిల్లలు నిద్రపోతున్నప్పుడు వదులుగా ఉండే దుప్పటి ఏదీ పక్కలో ఉంచొద్దని పిల్లల డాక్టర్లు అంటారు. అది మొహం మీదికి జరిగితే తీసేసుకోవడం వాళ్ళకి రాదు. తమ్ముడు ఇంత కష్టపడి అల్లాడు కదా అన్న మొహమాటంతో కప్పేయొచ్చు, అందుకే ముందే చెప్పడం. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉండగా, నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టడానికి ఇది భలే ఉంటుంది. ఏడాది దాటాక కప్పుకోవచ్చు. అప్పటికి కాళ్ళు బయటికొస్తుంటే అంచు చుట్టూ ఇంకో నాలుగు వరుసలు అల్లిస్తే సరి.