గాలిలో గలాటా: హాస్టల్ వై-ఫై రేడియోను సరిదిద్దడమెలా?

పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. రాత్రి పదిన్నర. మా హాస్టల్ రెండో అంతస్తులో అందరి ఫోన్లలోనూ వై-ఫై గీతలు నిండుగా ఉన్నాయి. ఫీజు పేజీ మాత్రం తెరుచుకోదు. మిత్రుడొకడు ఫోను పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళాడు, మెట్లెక్కాడు, డాబా కూడా ఎక్కి దిగాడు. "సిగ్నల్ ఫుల్లుగా ఉందిరా, నెట్టే రావట్లేదు!" అన్నాడు. పాపం, మర్నాడు జరిమానాతో కట్టుకున్నాడు.

అందరం కలిసి ఏకగ్రీవంగా తీర్మానించాం: "యాక్సెస్ పాయింట్ల పవర్ పెంచాలి!" పెంచారు. పరిస్థితి ఇంకా అధ్వాన్నమయింది. ఎందుచేత? ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

వరండా గోడకి బిగించిన ఆ తెల్లడబ్బా నిజానికి ఒక చిన్న రేడియో స్టేషను. మాట్లాడుతుంది, వింటుంది కూడా. అయితే ఆకాశవాణి కేంద్రానికి ఉన్నట్టు దీనికంటూ సొంత పౌనఃపున్యం లేదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో విశాలమైన భాగాన్ని 2018లోనూ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. పవర్‌కి పరిమితి ఉంది గాని, జాగా అందరిదీ. బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ పొయ్యి అక్కడే, పక్క బిల్డింగు వాళ్ళ వై-ఫై కూడా అక్కడే!

మరి ఇంతమంది ఒకచోట ఎలా మాట్లాడతారు? వై-ఫైకి ఒక మర్యాద ఉంది. నోరు విప్పేముందు చెవి ఒగ్గి వింటుంది. అదే ఛానెల్లో మరొకరు మాట్లాడుతుంటే ఆగుతుంది. అంటే ఒక ఛానెల్లో ఒకసారికి ఒక్కరే. ఫోనులో గీతలు చూపించేది గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే. మన వంతు ఎప్పుడొస్తుందో అవి చెప్పవు.

ఇక సరిచేయవలసిన సంగతులు చూద్దాం.

ఛానెల్: 2.4 బ్యాండులో 1 నుంచి 13 దాకా ఛానెళ్ళున్నాయి. కాని పక్కపక్క ఛానెళ్ళ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే. ఒక్కో ప్రసారానికి కావలసిన వెడల్పు 20. కాబట్టి ఒకదాని మీద ఒకటి పడకుండా మిగిలేవి మూడు: 1, 6, 11. తెలివిగా 3 గాని 4 గాని పెట్టామనుకోండి, అటు 1కీ ఇటు 6కీ కూడా మనం రొదే అవుతాం.

వెడల్పు: వెడల్పు రెట్టింపు చేస్తే వేగం దాదాపు రెట్టింపవుతుంది, ఛానెళ్ళ సంఖ్య సగానికి పడిపోతుంది. 2.4లో 40 పెడితే ఒక్కడే సగం బ్యాండు ఆక్రమించినట్టు. అక్కడ 20 దాటకూడదు. 5 బ్యాండులో 20 వెడల్పు ఛానెళ్ళు ఇరవైకి పైగా ఉన్నాయి. 80 పెడితే అయిదారే మిగులుతాయి. ఒంటరి ఇంటికి 80 మంచిదే. డబ్బాలు కిక్కిరిసిన హాస్టలుకి 20 లేక 40 చాలు.

పవర్: దీన్ని డీబీఎంలలో కొలుస్తారు. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు. 3 తగ్గిస్తే సగం, అంటే 17కి 50, 14కి 25. పవర్ పెంచితే నష్టమేమిటి? డబ్బా అరుపు మన ఫోనుకి వినపడుతుంది, కాని చిన్న బ్యాటరీ ఫోను అంత గట్టిగా తిరిగి అరవలేదు. పైగా దూరపు డబ్బాలు కూడా ఒకదాని మాట ఒకటి విని, ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. ఫోను కూడా పక్కనున్న డబ్బాని వదిలి దూరపుదాన్నే పట్టుకు వేళ్ళాడుతుంది. 2.4 తరంగాలు గోడల్లోంచి సులువుగా పోతాయి కనుక దాని పవర్ 5 కంటే తక్కువే ఉంచాలి.

పాత వేగాలు: ప్రతి నెట్‌వర్కు పేరునీ డబ్బా సెకనుకి సుమారు పదిసార్లు చాటింపు వేస్తుంది, అదీ అన్నిటికన్నా నెమ్మది వేగంతో. స్టూడెంట్స్, స్టాఫ్, గెస్ట్ అని పేర్లు పెంచినకొద్దీ చాటింపులకే కాలం ఖర్చు. మరీ పాత పరికరాలు లేనిచోట 1, 2 మెగాబిట్ల వేగాలు తీసేయాలి, పేర్లు తగ్గించాలి.

దేశం: ఈ సెట్టింగులో ఇండియా అనే ఉండాలి. 5 బ్యాండులో 52 నుంచి 144 దాకా ఛానెళ్ళు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకున్నవి. వాటిలో డబ్బా ఒక నిమిషం విన్నాకే మాట్లాడుతుంది; రాడార్ వినిపిస్తే తప్పుకుంటుంది. అది చెడిపోవడం కాదు.

ఇంతకీ మా హాస్టల్ కథ? లెక్చరర్‌గారి అనుమతితో ముందు కేబులు తగిలించి చూశాం. లైను బాగానే ఉంది. తప్పు గాలిలోనే అని తేలింది. ఫోనులో ఛానెళ్ళు చూపే ఆప్ వేసుకుని వరండా అంతా తిరిగాం. నాలుగు డబ్బాలూ 6వ ఛానెల్లోనే, ఫుల్ పవర్‌తో అరుస్తున్నాయి! మూడింటికి 1, 6, 11 పంచి, నాలుగోదానికి 2.4 రేడియో ఆపేసి 5 మాత్రం ఉంచాం. పై అంతస్తులో వరస మార్చాం. పవర్ తగ్గించాం. కొత్త డబ్బా ఒక్కటీ కొనలేదు.

మళ్ళీ ఫీజు తేదీ వచ్చింది. మా మిత్రుడు ఈసారి మంచం దిగకుండానే రాత్రి పదకొండున్నరకి కట్టేశాడు. మళ్ళీ ఆఖరి రాత్రే అనుకోండి. దానికి ఏ సెట్టింగూ లేదు!