ఆపినా ఆగని ఐదు వోల్టులు

నందిగామలో డిగ్రీ పిల్లలకి ఓ పాత కంప్యూటర్ మూత తీసి చూపిస్తుంటే ఒకమ్మాయి అడిగింది: "ఇంకా ఆన్ చెయ్యలేదు కదా సార్, బోర్డు మీద ఆ పచ్చలైటు ఎందుకు వెలుగుతోంది?" నిజమే, ముందున్న బటన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి గోడ స్విచ్ వేశాం, అంతే. ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే, ఆన్ కాని కంప్యూటర్ని బాగుచేయడంలో సగం పని అయినట్టే. డెస్క్‌టాప్ బటన్ కరెంటుని కలపదు. ఆన్ అవుతావా అని అడుగుతుంది. ఆ మాట విన్నాక లోపల ఒకదాని తర్వాత ఒకటి ఒప్పుకోవాలి. ఏది ఒప్పుకోలేదో కనిపెట్టడమే రిపేరు.

ఈ తతంగమంతా నడిపేది వెనకవైపు ఫ్యాను ఉన్న రేకు పెట్టె, అంటే పవర్ సప్లై, ఎస్‌ఎంపీఎస్. పోతే కొత్తది తెచ్చి బిగించేస్తాం కాబట్టి దాని లోపలి తెలివి ఎవరి కంటా పడదు. నాకు మాత్రం కంప్యూటర్ మొత్తంలో ప్రాసెసర్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

మన మెట్ట ఊళ్లలో పొలాల మోటార్లన్నీ ఒక్కసారి అందుకుంటే వోల్టేజీ 230 నుంచి 180కి జారిపోవడం అందరికీ తెలిసిందే. ట్యూబులైటు కొట్టుకుంటుంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. అదే గదిలో కంప్యూటర్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. లోపల పసుపు వైరు మీద మీటరు పెట్టి చూస్తే అప్పుడూ 12 వోల్టులే. వచ్చేది తగ్గినా ఇచ్చేది ఎందుకు తగ్గలేదు?

గోడలోంచి వచ్చిన ఏసీని ముందు డయోడ్లు డీసీగా మారుస్తాయి. 230 వోల్టుల ఏసీ అల శిఖరం దాదాపు 325 వోల్టులు. అంతా వెళ్లి పెద్ద కెపాసిటర్లలో నిలవ చేరుతుంది. అదే 180 వస్తే నిలవ 255కి పడిపోతుంది. ఈ నిలవని ట్రాన్సిస్టర్లు సెకనుకి యాభై వేలసార్లకు పైగా కలిపి తెంచుతుంటాయి. కలిపితే పూర్తిగా కలపడం, తెంచితే పూర్తిగా తెంచడం, సగం సగం వ్యవహారం లేదు. సగం తెరిచిన ట్రాన్సిస్టర్ కరెంటుని వేడిగా తగలేస్తుంది. అందుకే అదుపంతా ఎంతసేపు కలిపి ఉంచాలన్న దాంట్లోనే ఉంది.

సాగర్ ఎడమ కాలువ కింద సాగుచేసే జగ్గయ్యపేట, నందిగామ రైతులకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు చాలని ఏడాదిలో ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి పెడతారు. ఇన్ని రోజులు తూము తెరిచి, ఇన్ని రోజులు మూసి ఉంచుతారు. కాలువలో మట్టం పడిపోయినా తెరిచి ఉంచే రోజులు పెంచితే చేనుకి అందాల్సిన నీళ్లు అందుతాయి. ఎస్‌ఎంపీఎస్‌లో అలా తెరిచి ఉంచే వంతు పొడవు సెకనులో లక్షో భాగం లెక్కన ఉంటుంది, ప్రతి వంతుకీ సరిదిద్దుకుంటూ ఉంటుంది. 255 వోల్టులే ఉన్నాయా, కాస్త ఎక్కువసేపు కలుపు. 325 ఉన్నాయా, త్వరగా తెంచు. అవతల 12 వోల్టులు చెక్కుచెదరవు.

అవతల ఎంత వోల్టేజీ ఉందో ఇవతల కంట్రోలుకి ఎలా తెలుస్తుందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. ఈ వైపు మనిషిని చంపగల 325 వోల్టులు, ఆ వైపు మనం చేత్తో ముట్టుకునే కీబోర్డు, మౌసు. రెంటినీ రాగి తీగతో కలపడానికి వీల్లేదు. అందుకని చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో నాలుగు కాళ్ల నల్లటి ముక్కొకటి, ఆప్టోకప్లర్, పెడతారు. దాని లోపల ఒక చివర బుల్లి ఎల్ఈడీ, ఎదురుగా ఆ వెలుతురుని పట్టే ట్రాన్సిస్టర్. వోల్టేజీ పెరిగితే ఎల్ఈడీ ప్రకాశం పెరుగుతుంది, కంట్రోలు వంతు తగ్గిస్తుంది. కబురు వెలుతురుగా దాటుతుంది, కరెంటు దాటదు.

కలిపి తెంచడంలో ఇంత వేగం దేనికంటే, వోల్టేజీని దించే ట్రాన్స్‌ఫార్మర్ కోసం. 50 సైకిళ్ల కరెంటులో ఒక అర అల పదివేల మైక్రోసెకన్లు ఉంటుంది. అంతసేపూ పెరుగుతూ పోయే అయస్కాంత ప్రవాహాన్ని మొయ్యాలంటే బోలెడంత ఇనుము కావాలి. యాభై వేల సైకిళ్లయితే అర అల పది మైక్రోసెకన్లే. వెయ్యోవంతు సమయం కాబట్టి కోర్ చాలా చిన్నదైపోతుంది. పాత పద్ధతిలో 300 వాట్లు ఇవ్వాలంటే ట్రాన్స్‌ఫార్మరే నాలుగైదు కిలోలకి తగ్గదు. ఎస్‌ఎంపీఎస్‌లోది గుప్పిట్లో పడుతుంది. ఆ వేగంలో ఇనుప రేకులు కాగిపోతాయి కాబట్టి అందులో వాడేది ఫెర్రైట్ అనే పదార్థం.

ఈ పద్ధతిని కంప్యూటర్‌లోకి తెచ్చిన ఘనత ఎవరిదన్న దాని మీద ఒక పాత తగువుంది. 1977లో వచ్చిన ఆపిల్ 2కి రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు 38 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చేశాడు. ఫ్యాను రొద ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టడంతో, ఎక్కువ వేడి పుట్టించని సప్లై కావాల్సొచ్చింది. ఇప్పటి కంప్యూటర్లన్నీ హోల్ట్ డిజైన్‌నే కాపీ కొట్టాయని జాబ్స్ తన జీవితకథ రాసిన వాల్టర్ ఐజాక్సన్‌కి చెప్పారు. నేనది ఒప్పుకోను. హోల్ట్ పని గొప్పదే. కానీ అంతకు ఏడేళ్ల ముందే రాబర్ట్ బోషర్ట్ అనే ఇంజనీరు ఉద్యోగం మానేసి, తన వంటింటి బల్ల మీద చవకైన ఎస్‌ఎంపీఎస్‌లు కట్టడం మొదలుపెట్టాడు. ఎక్కువగా విమానాల్లో, ఉపగ్రహాల్లో వాడే ఖరీదైన వస్తువుని విడిభాగాలు తగ్గించి తగ్గించి ప్రింటర్లలోకి దించాడు. 1976కల్లా సిలికాన్ జనరల్ కంపెనీలో రాబర్ట్ మమానో ఆ కంట్రోలంతా ఒక్క చిప్‌లో ఇమిడ్చాడు. హోల్ట్ డిజైన్‌లో అలాంటి చిప్పే లేదు, తర్వాత కంప్యూటర్ల లోకం చిప్పుల దారినే వెళ్లింది. 300 వోల్టులని అంత వేగంతో తట్టుకునే ట్రాన్సిస్టర్లు చవగ్గా దొరకడం అసలు మలుపు. అవి వచ్చాక ఎవరో ఒకరు చేసేవారే. నా ఓటు మాత్రం బోషర్ట్‌కి.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1981లో ఐబీఎం పీసీకి 63.5 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం. 2019లో ప్రకటించిన కొత్త ప్రమాణంలో 12 వోల్టులే ఉంటాయి, మిగతావి మదర్‌బోర్డే చేసుకుంటుంది.

ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఏటీఎక్స్‌లో ఉంది. అంతకుముందు ముందు బటన్ దాకా 230 వోల్టుల లావు కేబులు వచ్చేది, నొక్కితే నిజంగానే కరెంటు కలిసేది. ఏటీఎక్స్ పెట్టెలో రెండు సప్లైలుంటాయి. పెద్దది బటన్ నొక్కేదాకా పడుకునే ఉంటుంది. చిన్నది గోడ స్విచ్ వేసిన క్షణం నుంచీ ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. పచ్చలైటు దానిదే. బటన్ బోర్డు మీది రెండు పిన్నుల్ని ఒక్క క్షణం తాకిస్తుంది. బోర్డు ఆకుపచ్చ వైరుని సున్నా వోల్టులకి లాగుతుంది. పెద్ద సప్లై లేచి తన 12, 5, 3.3 వోల్టులు సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంటుంది. 100 నుంచి 500 మిల్లీసెకన్లు ఆగి బూడిద రంగు వైరు మీద 'అంతా బాగుంది' అని 5 వోల్టులు పంపుతుంది. అప్పుడుగానీ ప్రాసెసర్ మొదటి అడుగు వెయ్యదు.

ఇక ఆన్ కాని కంప్యూటర్ దగ్గరికి వద్దాం. పచ్చలైటు లేదంటే, గోడ ప్లగ్గూ పవర్ కార్డూ వెనక స్విచ్చూ బాగానే ఉంటే, ఆ చిన్న సప్లై మీదే నా అనుమానం. మనం కంప్యూటర్ ఆపేశామనుకున్నప్పుడు కూడా అది రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంది. అందులోని చిటికెన వేలంత కెపాసిటర్లో ఉండే ద్రవం వేడికి ఆరిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని లెక్క. మే నెలలో పేపర్లో 44, 45 డిగ్రీల పక్కన నందిగామ పేరు చూస్తూనే ఉంటాం. ఇక హైవే దుమ్ముతో ఫ్యాను మూసుకుపోయిన పెట్టెలో ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అందుకే గోడ స్విచ్ కూడా ఆపెయ్యమంటాను.

పచ్చలైటు ఉండి బటన్‌కి ఉలుకూ పలుకూ లేకపోతే బటన్ వైరు తీసి ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొసతో తాకించండి. లేస్తే తప్పు బటన్‌దే. లేవకపోతే ప్లగ్గు తీసి, పెద్ద కనెక్టర్ని బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చనీ పక్కనున్న నలుపునీ జెమ్‌క్లిప్పుతో కలిపి మళ్లీ కరెంటివ్వండి. ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది, బోర్డుని అనుమానించాలి. అన్నీ బిగించి బటన్ నొక్కినప్పుడు ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతోందంటే, చాలాసార్లు ఎక్కడో షార్ట్ ఉందని గ్రహించి ఎస్‌ఎంపీఎస్ తనంతట తనే ఆగిపోతోంది. అది పాడవడం కాదు, తన పని తాను చెయ్యడం. హార్డ్‌డిస్కూ కార్డులూ ఒక్కొక్కటీ తీసి చూస్తే దొరుకుతుంది. ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే ర్యామ్ తీసి కాళ్లని ఎరేజర్‌తో రుద్ది పెట్టండి, ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల కనెక్టర్ ఊడిందేమో చూడండి. ఎస్‌ఎంపీఎస్ పెట్టె మూత మాత్రం తెరవొద్దు. ప్లగ్గు తీశాక కూడా 325 వోల్టులు లోపల కాసేపు కాచుకుని ఉంటాయి.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్లని చాలామందిని చూశాను. కొత్తది పెట్టినా అదే జిల్లు. ఎందుకంటే ఫేజుకీ రేకుకీ, న్యూట్రల్‌కీ రేకుకీ మధ్య చెరొక చిన్న కెపాసిటర్ కావాలనే పెడతారు, రేడియో రొదని ఎర్తులోకి పంపడానికి. ఎర్తే లేని ఇంట్లో ఆ రెండూ కలిసి కేబినెట్‌ని 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ఉత్త కాళ్లతో ముట్టుకుంటే తెలుస్తుంది. మార్చాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ని కాదు, ఎర్తు వైరునీ, ఎండాకాలం నీళ్లు పొయ్యక ఎండిపోయిన ఎర్తు గుంటనీ చూసుకోవాలి.