రంపం మొరాయిస్తే

మొన్న గాలివానకు ధర్మాబాద్ దగ్గర మా పొలం బాటకు అడ్డంగా వేపచెట్టు పడ్డది. బాపు చైన్‌సా తాడు లాగీ లాగీ భుజం పట్టేసుకుంది గానీ మిషన్ స్టార్ట్ కాలే. దాన్ని బాపు మరాఠీలో ‘కర్వత్’ అంటడు, అమ్మ ‘రంపం’ అంటది. ఆ రోజు మాత్రం ఇద్దరూ ‘పాత ఇనుము’ అన్నరు!

నేను దానితో వచ్చిన పుస్తకం తీసి చదివాను. ఇంజన్ నడవడానికి మూడు కావాలి: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. చోక్ వేస్తే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. చల్లటి ఇంజన్‌కు అది అవసరమే. కానీ ఒకసారి ‘టప్’మన్నాక చోక్ తీసెయ్యాలి. తియ్యకుండా లాగితే ప్లగ్గు పెట్రోలుతో తడిసి రవ్వ రాదు. మాకు జరిగింది అదే.

ఏం చెయ్యాలంటే:

1. స్విచ్ ఆపి, ప్లగ్గు విప్పి, తుడిచి ఆరబెట్టాలి.
2. ప్లగ్గు వైరు దూరంగా పెట్టి, చోక్ తీసి, తాడు నాలుగైదుసార్లు లాగితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది.
3. ఎయిర్ ఫిల్టర్‌లో రంపపు పొట్టు దులపాలి.
4. నెలలు నిలవున్న పెట్రోలు పారబోయాలి. మా మిషన్‌కు లీటరు పెట్రోలులో 20 మి.లీ. టూటీ ఆయిల్ కలపాలి.
5. ప్లగ్గు బిగించి, మిషన్ నేలమీద పెట్టి, చైన్ బ్రేకు వేసి, వెనక పిడిని కాలితో తొక్కిపట్టి, చోక్ లేకుండా లాగాలి. చేతిలో వేలాడదీసి ఎప్పుడూ లాగొద్దు.

మూడోసారికే అందుకుంది. చెట్టు బాపే కోసిండు. ప్లగ్గు స్పానర్ మాత్రం ఇప్పుడు నా దగ్గరే ఉంటది.